ముద్దకో లైన్ క్లియర్

దండోరా బాబాయి ఏ పనీ పైకి చెప్పకుండా చేసేవాడు కాదు. చెప్పడమంటే గొణగడం కాదు. కుడిచేతి చూపుడువేలు చాచి, ఆ వస్తువుకేసి గురిపెట్టి, ప్లాట్‌ఫారం చివర నిలబడ్డ మనిషి కూడా ఉలిక్కిపడేలా “తలుపు, మూశాను!” అనేవాడు. పక్కనున్నవాళ్ళు “మూశారు!” అని జవాబివ్వాలి. ఇవ్వకపోతే తలుపు మూసుకున్నట్టు కాదు. తెరిచి మళ్ళీ మూసేవాడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా ఉద్యోగానిది. రైల్వే స్టేషనుకి ఒక కొసన, ఇరవై ఎనిమిది మెట్ల పైన, నాలుగు వైపులా అద్దాలున్న సిగ్నల్ కేబిన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పట్టాలూ సిగ్నళ్ళూ మార్చే లీవర్లు లాగుతున్నాడు. లీవరు లాగే ముందు దానికేసి వేలు చూపించి నంబరు చెప్పాలి, తోటి ఉద్యోగి దాన్ని తిరిగి చెప్పాలి, ఇదీ అక్కడి నిబంధన. చెయ్యి చేసే పనికి కన్నూ, కంటికి నోరూ, నోటికి ఇంకొకడి చెవీ కాపలా ఉండాలన్నది దాని వెనకున్న వేదాంతం. మిగతావాళ్ళు ఆ వేదాంతాన్ని డ్యూటీ దిగగానే కోటుతోపాటు మేకుకి తగిలించి ఇంటికి పోయేవాళ్ళు. బాబాయి మాత్రం వెంట తీసుకెళ్ళేవాడు. ఒకసారి తోటి ఉద్యోగి తల్లి పోతే పరామర్శకు వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఏడుస్తున్న కొడుక్కేసి వేలు చూపించి “దుఃఖం, ఉంది!” అన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్ళలో ముగ్గురు రైల్వేవాళ్ళు. ముగ్గురూ ఒక్క గొంతుతో “ఉంది!” అనేశారు. కొడుకు ఏడుపు ఆపి వాళ్ళ మొహాలు చూశాడు.

ఈ జవాబులిచ్చే బరువంతా ఎనిమిదేళ్ళుగా మోస్తున్నవాడు గుమాస్తా. కేబిన్‌లో మేజా ముందు కూర్చుని ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది రిజిస్టరులో రాయడం, పక్క స్టేషను కేబిన్‌తో ఫోన్‌లో మాట్లాడటం అతని పని. నలభై రెండేళ్ళవాడు. ముత్యాల్లాంటి దస్తూరి, మెత్తని మాట, మచ్చలేని సర్వీసు. అతనికి ఉన్నదల్లా ఒక సొరుగు.

మేజా అడుగున ఉండే ఆ సొరుగు తాళంచెవి అతని మొలతాడుకి వేలాడేది. అందులో బిస్కెట్ పొట్లాలు, వేయించిన వేరుశనగలు, బన్నులు ఉండేవి. గుమాస్తా ఆకలేసి తినేవాడు కాదు, ఊరుకోలేక తినేవాడు. గూడ్సు బండి వెళ్ళాక ప్యాసింజరు వచ్చేదాకా మధ్యలో నలభై నిమిషాలుండేవి. ఆ నలభై నిమిషాల్లో అతని లోపల ఎక్కడో బండ్లన్నీ వెళ్ళిపోయిన స్టేషనులాంటిదొకటి బావురుమనేది. చెయ్యి దానంతటదే సొరుగులోకి పోయేది. మొదటి బిస్కెట్టు రుచి తెలిసేది. ఆ తర్వాత వేళ్ళకి ఖాళీ కాగితం తగిలేదాకా ఏమీ తెలిసేది కాదు. ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి మేజోడులోకి దోపుకునేవాడు. అప్పుడు తన మీద తనకి అసహ్యం పుట్టేది. ఆ అసహ్యం పోగొట్టుకోవడానికి మళ్ళీ సొరుగు తెరిచేవాడు. ఇంట్లో భార్య ఎదుట మాత్రం ఒక్క రొట్టెతో లేచి చెయ్యి కడుక్కునేవాడు. పాపం ఆవిడ, ఈయన ఒళ్ళు కేబిన్‌లో గాలి ఎక్కువ తగలడం వల్ల ఉబ్బుతోందని నమ్మేది.

ఆ ఏడు వైద్యపరీక్షలో రైల్వే డాక్టరు అతని ఛాతీమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

“ఆ కేబిన్ మెట్లు మీరు ఎక్కుతున్నారా, అవే మిమ్మల్ని ఎక్కుతున్నాయా?”

“నేనే ఎక్కుతున్నానండీ. మధ్యలో రెండుసార్లు ఆగి.”

“ఆరు నెలలు టైమిస్తాను. ఈలోగా ఆ రొప్పు తగ్గకపోతే కేబిన్ మాట మరిచిపోండి. కింద, ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్ల గదిలో కుర్చీ వేయిస్తాను.”

గుమాస్తా పై ప్రాణాలు పైనే పోయాయి. పోయిన సామాన్ల గదికి కిటికీ లేదు. దిక్కులేని గొడుగుల మధ్య, ఒంటి చెప్పుల మధ్య, ఎవరూ అడగడానికి రాని మనిషిగా మిగిలిన పద్దెనిమిదేళ్ళు కూర్చోవాలి. అద్దాల్లోంచి పట్టాలు కనపడవు, గంట మోగదు, “పదకొండో నంబరు!” అంటే “పదకొండు!” అని జవాబివ్వాల్సిన అవసరం ఉండదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నం రెండు బిస్కెట్ పొట్లాలు తిన్నాడు.

పది రోజుల తర్వాత దండోరా బాబాయి కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు.

“అబ్బాయ్, నీకో రహస్యం చెప్పాలి,” అన్నాడు. బాబాయి గొంతులో రహస్యమంటే కింద పట్టాల మీద పనిచేస్తున్న నలుగురు గునపాలు ఆపి తలెత్తారు.

“చెప్పండి బాబాయ్.”

“నాది తిండిపోతు రోగం.”

గుమాస్తా ఆయన్ని కింది నుంచి మీదికి చూశాడు. సిగ్నల్ స్తంభానికి చొక్కా తొడిగినట్టుండే మనిషి. “మీకా? ఒంటిమీద కండే లేదు కదా బాబాయ్!”

“అదే దీని మాయ. కొందరికి ఒళ్ళు లావెక్కుతుంది. నాకు మనసు లావెక్కింది.” బాబాయి తల దించుకున్నాడు. “నిన్న సాయంత్రం వంటింట్లో నిలబడి, దీపం కూడా వెయ్యకుండా, బిస్కెట్ పొట్లం మొత్తం తినేశాను. కాగితం ఎనిమిది మడతలు పెట్టి మేజోడులో దాచుకున్నాను.”

గుమాస్తా కాళ్ళు వాటంతటవే కుర్చీ కిందికి ముడుచుకున్నాయి. “ఎనిమిదా?”

“ఎనిమిదే. నువ్వైతే ఎన్ని పెడతావ్?”

“నేనెందుకు పెడతానండీ!”

“అవును, నువ్వెందుకు పెడతావులే. అందుకే నీ సాయం అడుగుతున్నా. ఇకనుంచి ఈ కేబిన్‌లో లీవరు లాగినట్టే తింటాను. వేలు చూపించి చెప్తాను, నువ్వు జవాబివ్వాలి. కాకపోతే ఒక చిక్కుంది. నేనొక్కణ్ణే చేస్తే పిచ్చంటారు. ఇద్దరం చేస్తే పద్ధతంటారు. నా కోసం నువ్వు కూడా చెయ్యాలి.”

గుమాస్తాకి జాలేసింది. జాలితోపాటు, చెప్పుకోవడానికి సిగ్గైనా, కాస్త హాయిగా కూడా అనిపించింది. లోకంలో తనలాంటి నీచుడు ఇంకొకడున్నాడు. పైగా తనకంటే పెద్దవాడు! “మీ కోసం తప్పకుండా చేస్తాను బాబాయ్,” అన్నాడు, దాతలా.

నిబంధనలు మరునాడే అమల్లోకి వచ్చాయి. నిలబడి తినకూడదు. నిలబడ్డచోట లీవరు లాగుతారు, తినరు. ఒంటిగంట భోజనం ఒంటిగంటకే. డబ్బాలోంచి నేరుగా కాదు, పళ్ళెంలో పెట్టుకుని తినాలి. అన్నిటికీ మించినది సెక్షన్ నిబంధన, అంటే రెండు స్టేషన్ల మధ్య దారికి ఉండేది. ముందు బండి అవతలి స్టేషను చేరిందని కబురు రానిదే వెనక బండిని వదలరు కదా, అలాగే నోట్లో ముద్ద పూర్తిగా దిగిందని ప్రకటించనిదే చెయ్యి పళ్ళెంలోకి పోకూడదు.

“గుడ్డు, ఒకటి!” వేలు చాచేవాడు బాబాయి.

“ఒకటి!”

“సెక్షన్ ఖాళీగా ఉందా?”

“ఉంది!”

“లైన్ క్లియర్!” అని ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ ముక్క ఒక్కొక్క మలుపూ దాటి వెళ్తున్నంత గంభీరంగా నమిలేవాడు. చివరికి కళ్ళు తెరిచి, “చేరింది!” అనేవాడు. అప్పుడు గుమాస్తా వంతు. మొదటి వారం ఒక బన్ను తినడానికి అతనికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఎనిమిదేళ్ళలో కొన్ని వందల బన్నులు మింగినవాడు, బన్నులో కొంచెం ఉప్పు కూడా ఉంటుందని ఆ రోజే తెలుసుకున్నాడు.

ఈ పద్ధతివల్ల ఒక్క అపశ్రుతి జరిగింది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు రిజిస్టరు తిరగేస్తూ ఒకచోట ఆగిపోయాడు. గుమాస్తా ముత్యాల దస్తూరిలో, గూడ్సుకీ ప్యాసింజరుకీ మధ్య, స్పష్టంగా రాసి ఉంది: ‘ఒంటిగంట పది. అరటిపండు చేరింది.’

“ఏమిటిది? ఈ పేరుతో బండి ఎప్పుడు వేశారు?”

బాబాయి అటెన్షన్‌లో నిలబడ్డాడు. “ప్రత్యేక సర్వీసండీ. సరిగ్గా టైముకి వచ్చింది. దారిలో ఎక్కడా అడ్డం పడలేదు.”

ఇన్‌స్పెక్టరు ఆయన మొహంలో నవ్వు కోసం వెతికాడు. దొరకలేదు. ‘ఇకముందు పళ్ళను నమోదు చేయరాదు’ అని ఎర్రసిరాతో రాసి వెళ్ళిపోయాడు.

అసలు కష్టం రెండో వడ్డన దగ్గర వచ్చేది. ఇంకా కావాలనిపిస్తే కారణం పైకి చెప్పాలి. “ఆకలా, విసుగా, దిగులా?” అని అడిగేవాడు బాబాయి. గుమాస్తా మొదట్లో ప్రతిసారీ “ఆకలి” అనేవాడు. బాబాయి ఎదురు చెప్పకుండా వడ్డించేవాడు. అబద్ధం చెప్పి తిన్న రొట్టె నిజం చెప్పి తిన్నంత సుఖంగా దిగదని గుమాస్తాకి నాలుగో రోజుకే అర్థమైంది. ఐదో రోజు “విసుగు” అన్నాడు.

“దానికి వేరే లైనుంది,” అన్నాడు బాబాయి. “వెళ్ళి చివరి సిగ్నల్ దీపం అద్దం తుడిచి రా.” ఇరవై ఎనిమిది మెట్లు దిగాలి, అరమైలు నడవాలి, వెనక్కి రావాలి, ఇరవై ఎనిమిది మెట్లు ఎక్కాలి. ఆ సిగ్నల్ అద్దం ఆ ఆరు నెలల్లో తళతళలాడినట్టు మరెప్పుడూ తళతళలాడలేదు. అది దూరం నుంచి చూసి, కొత్తది వేశారనుకున్నాడో డ్రైవరు.

ఒక వానరోజున, గూడ్సు వెళ్ళిపోయాక, గుమాస్తా చాలాసేపు పళ్ళెంకేసి చూసి “దిగులు” అన్నాడు. ఎందుకో అతనికీ తెలీదు. బాబాయి సలహా ఇవ్వలేదు, దీపం తుడవమనలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, అద్దాలకేసి వేలు చూపించి, అలవాటు కాని చిన్న గొంతుతో “దిగులు, ఉంది,” అన్నాడు.

“ఉంది,” అన్నాడు గుమాస్తా.

ప్యాసింజరు గంట మోగేదాకా ఇద్దరూ తడుస్తున్న పట్టాలు చూస్తూ కూర్చున్నారు.

ఇక సొరుగు సంగతి. అందులోది తినాలంటే వేలు చూపించి చెప్పాలి. చెప్పాలంటే తెరవాలి. తెరిస్తే బాబాయికి తెలిసిపోతుంది. ఒక మహారోగిని బాగుచేసే బాధ్యత నెత్తిన వేసుకున్నవాడు తానే ఆ రోగినని ఎలా ఒప్పుకుంటాడు? అందుకని తాళం తీయలేదు. ఒక నెల తర్వాత సొరుగు సందులోంచి చీమల బారు బయల్దేరింది. ఎవర్నీ లైన్ క్లియర్ అడక్కుండా, పట్టపగలు, లోపలి సరుకంతా అవే మోసుకుపోయాయి.

వైద్యపరీక్ష ఐదు రోజులుందనగా స్టేషన్ మాస్టరుకి బదిలీ అయింది. సాగనంపడానికి పన్నెండు మందికి సరిపడే కేకు తెప్పించారు. స్టేషను మొత్తంలో ఎవరూ చెయ్యి పెట్టని చోటని చెప్పి దాన్ని కేబిన్‌లో ఉంచారు. బాబాయి పట్టాల కడ్డీలకి నూనె వెయ్యడానికి దిగాడు. గుమాస్తా, కేకు, నలభై నిమిషాలు మిగిలాయి.

డాక్టరు గొట్టం గుర్తొచ్చింది. గొడుగుల గది గుర్తొచ్చింది. ఆకలికి లైనుంది, విసుగుకి లైనుంది, దిగులుకీ ఉంది. భయానికి ఏ లైనో ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే కదిలింది.

బాబాయి పైకి వచ్చేసరికి గుమాస్తా వేళ్ళకి క్రీము, కళ్ళల్లో నీళ్ళు. బాబాయి పెట్టెలోకి తొంగిచూశాడు. వేలు చాచాడు. “కేకు, పావువంతు ఉంది!”

బాబాయి వేలు దించలేదు. చివరికి గుమాస్తా గొంతులో సన్నగా “ఉంది,” అని వినిపించింది. ఆ వెంటనే, “బాబాయ్, రేపంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. ఎల్లుండి కూడా ముట్టను,” అన్నాడు.

“ఎందుకు? పొద్దున్న ఒక గూడ్సు పట్టాలు తప్పిందని సాయంత్రం ప్యాసింజరు రద్దు చేస్తామా? అందులో ఎక్కాల్సినవాళ్ళేం పాపం చేశారు? ఒంటిగంట భోజనం ఒంటిగంటకే.” అలా అని పెట్టె చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

కింద పన్నెండు మంది చెంచాలూ పళ్ళేలూ పట్టుకుని నిలబడి ఉన్నారు. బాబాయి పెట్టె తెరిచి, వేలు తన గుండెకేసి తిప్పుకుని, “కేకు, నేనే తిన్నాను!” అన్నాడు. పన్నెండు మందీ అలవాటు కొద్దీ “తిన్నారు!” అనేసి, ఆ తర్వాత అర్థమై, చెంచాలు దించారు. అద్దాల వెనక నిలబడ్డ గుమాస్తా ఆ మాట విన్నాడు. రోగం బాధ తెలిసినవాడు కాబట్టి సాటి రోగిని కాపాడాడని అనుకున్నాడు.

పరీక్ష రోజున డాక్టరు అతన్ని ఆస్పత్రి మెట్లు మూడుసార్లు ఎక్కించాడు, గొట్టం పెట్టి విన్నాడు. బొజ్జ ఉన్నచోటే ఉంది, కాకపోతే కాస్త వినయం నేర్చుకుంది. రొప్పు మాత్రం లేదు.

“ఏం మందు వాడారు?”

“సిగ్నల్ అద్దం తుడిచానండీ.”

డాక్టరు ఇంకేమీ అడక్కుండా ‘కేబిన్ పనికి తగును’ అని రాసి సంతకం పెట్టాడు. గుమాస్తా ఆ కాగితం పట్టుకుని, బాబాయికి చూపించాలని, షిఫ్టుకి అరగంట ముందే కేబిన్ దగ్గరికి వచ్చాడు. ఒక్కసారి కూడా ఆగకుండా మెట్లెక్కాడు. అన్నిటికంటే పైమెట్టు మీద ఒడిలో పెద్ద డబ్బా పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బాబాయి భార్య.

“నువ్వేనా గుమాస్తావి? కూర్చో. ఆయన క్షవరానికి వెళ్ళారు, వచ్చేలోపు నిజం చెప్పు. మా ఆయన పన్నెండు మంది కేకు ఒక్కరే తిన్నారట. స్టేషన్ మాస్టరు భార్య నలుగురూ వింటుండగా ‘ఇంట్లో పెట్టవా ఏం?’ అని అడిగింది. నా తల ఎక్కడ పెట్టుకోను?”

“అది... ఆయనకి ఆ రోగం ఉంది కదా పిన్నీ.”

“ఏ రోగం?”

“తిండి... అదే, కాస్త ఎక్కువ తినే...”

“ఆయనకా!” పిన్ని డబ్బా మీద చెయ్యి చరిచింది. “పెళ్ళైన దగ్గర్నుంచీ రెండో రొట్టె కోసం నేను కాళ్ళు పట్టుకోని రోజు లేదు. తీపి చూస్తే ఆమడ దూరం పారిపోతారు.”

“మరి వంటింట్లో నిలబడి, దీపం వెయ్యకుండా, బిస్కెట్లు...”

“మా వంటింట్లో దీపం మీట ఎక్కడుందో కూడా ఆయనకి తెలీదు. బిస్కెట్టన్నది మా ఇంటి గడపే తొక్కలేదు. ఆర్నెల్ల కిందట తనంతట తనే ‘రెండింతలు కట్టు’ అన్నారు. ఇన్నాళ్ళకి ఆకలి పుట్టిందని నేనెంత మురిసిపోయాను! ఖాళీ డబ్బా తెస్తుంటే దిష్టి తగుల్తుందని ఎవరికీ చెప్పలేదు కూడా.”

ఆ డబ్బాలో సగం రోజూ పట్టాల పనివాళ్ళకి పోయేది. అది బాబాయి మనోనిగ్రహమనుకుని గుమాస్తా లోలోపల దణ్ణం పెట్టుకునేవాడు. ఇప్పుడు మెల్లిగా ఒక్కొక్కటే తెలిసొచ్చింది. తిండిపోతు కథల్లో ఒక్కటీ బాబాయిది కాదు. ఎనిమిది మడతల కాగితం ఎవరి మేజోడులోదో ఆయనకి ముందే తెలుసు. గుమాస్తా వెనక్కి తిరిగి కేబిన్‌కేసి చూశాడు. నాలుగు వైపులా అద్దాలు. ఎటు నిలబడ్డా మేజా, సొరుగూ నిలువునా కనిపిస్తాయి. అలాంటి గదిలో అతను ఎనిమిదేళ్ళు చాటుగా తిన్నాడు.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన సమయమది. ఎందుకో చావలేదు. అతని చూపుడువేలు లేచి తన వైపే తిరిగింది.

“కేకు, నేను తిన్నాను పిన్నీ.” గొంతు గట్టిగానే వచ్చింది. కింద పట్టాల పనివాళ్ళు తలెత్తారు. “బిస్కెట్లూ నేనే. రోగం నాది.”

పిన్ని అతని మొహంలోకి చూసింది. కోపం ఎక్కడికో పోయింది. “తిన్నావు,” అంది నెమ్మదిగా. “అయితే ఏమైందిరా నాయనా.”

అప్పుడే కొత్త క్షవరంతో దండోరా బాబాయి మెట్లెక్కి వచ్చాడు. భార్యని చూసి మూడు మెట్ల కిందే ఆగిపోయాడు.

“కేకు ఎవరు తిన్నారు?” అంది పిన్ని.

“నేనే!”

“కాదు పిన్నీ, నేను!”

“వాడి మాట నమ్మకు. నన్ను కాపాడాలని చూస్తున్నాడు. నేనే తిన్నాను!”

“అందులో ఏ పండు వేశారు?” అంది పిన్ని, న్యాయాధిపతిలా.

బాబాయి ఆకాశంకేసి చూశాడు, సిగ్నల్‌కేసి చూశాడు. “పండు... పండిందే వేశారు.”

“అనాస, పిన్నీ,” అన్నాడు గుమాస్తా.

విచారణ ముగిసింది. బాబాయి చేసేది లేక, “డాక్టరేమన్నాడు అబ్బాయ్?” అని అడిగాడు. ఆయనకి డాక్టరు సంగతి కూడా తెలుసన్నమాట! గుమాస్తా కాగితం ఇచ్చాడు. బాబాయి దాన్ని మూడుసార్లు చదివాడు. వేలు లేచింది, సంతకం మీద ఆగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ వేలు వెనక మాట రాలేదు.

పిన్ని డబ్బా మూత తీసి, మెట్ల మీదే మూడు పళ్ళేలు పరిచింది. గుమాస్తా కూర్చుని, తాపీగా రెండు రొట్టెలు తిని, మూడోదానికి చెయ్యి అడ్డం పెట్టాడు. “కడుపు నిండింది పిన్నీ,” అన్నాడు. నిజంగానే నిండింది. తర్వాత ఆవిడ మొగుడి వైపు తిరిగింది. “ఆర్నెల్లుగా రెండింతలు లాగిస్తున్నారుగా. కానివ్వండి, నేనిక్కడే కూర్చుంటాను.”

షిఫ్టు గంట మోగడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది. ఒళ్ళంతా చెమటలు పట్టి, నాలుగో రొట్టెని అటూ ఇటూ తిప్పుతూ, ఆ మధ్యాహ్నం ఆ మెట్ల మీద తిండి దగ్గర అవస్థ పడినవాడు దండోరా బాబాయి ఒక్కడే.